నరసమ్మ పేరు మీద

మొన్న మా అన్న కూతురి స్నేహితురాలు ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. మద్రాసులో బి.ఏ. ముగించిందట. ఒక పత్తి మిల్లులో ఆడకూలీల బాగోగులు చూసే ఉద్యోగం వచ్చిందట. "అత్తయ్యా, ఆ పనిలో ఏం చెయ్యాలి?" అని అడిగింది. ఆర్డరులో ఏం రాశారో చదువుకోమన్నాను. చదివే వచ్చానంది. తాగేనీళ్ళు, మరుగుదొడ్లు, పసిపిల్లల ఉయ్యాలల గది, ఫిర్యాదులు వినడం. "ఇంతేనా?" అంది.

ఇంతేనా అని అడిగింది కాబట్టి ఆ పిల్ల మీద నాకు కొంచెం గురి కుదిరింది. ఏ మిల్లు అని అడిగాను. చెప్పింది. నేను మాట్లాడకపోవడం మా ఇంట్లో వాళ్ళకు వింత కాబట్టి అందరూ నా వైపు చూశారు.

ఆ మిల్లులోనే నేను ఈ పని మొదలుపెట్టాను. తర్వాత కడప వైపు నాపరాళ్ళ గనుల్లోనూ చేశాను. యాభై నిండకుండానే దగ్గు పట్టుకుని మానేశాను. ఎన్నో చూశాను గానీ ఆ పిల్లకు చెప్పవలసినది ఒక్కటే ఉంది. ఎదురుగా చెబితే నవ్వుతుందేమో అని రాస్తున్నాను. రాసినదాన్ని చూసి నవ్వడం కొంచెం కష్టం.

ఎవరి మనిషి

నంద్యాల బండిదారిలో, నల్లరేగడి మధ్యలో ఉండేది ఆ జిన్నింగు మిల్లు. పత్తిలోంచి గింజ వేరు చేసి, దూదిని దిమ్మెలు కట్టి రైలుకెక్కించేవాళ్ళు. పత్తి వచ్చే నెలల్లోనే పని. ఎండలు ముదిరేసరికి మూత. చుట్టూ తుమ్మచెట్లు. మిల్లు కక్కిన దూది వాటి ముళ్ళకు పట్టుకుని వేలాడేది. గాలి ఆకు కదపని రోజు కూడా ఆ దూది మెల్లగా పైకీ కిందికీ ఆడేది. ఎవరో చెట్టులో కూర్చుని ఊపిరి తీస్తున్నట్టు. మొదట్లో దానికేసి చూసేదాన్ని. తర్వాత చూడకుండా నడవడం నేర్చుకున్నాను.

నన్ను పెట్టినది ఎందుకు? పైనుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చి, ఆడవాళ్ళు ఇంతమంది పనిచేసేచోట చదువుకున్న ఆడమనిషి ఒకతె ఉండాలి అన్నాడు. మేనేజరు సరే అన్నాడు. గదికి కిటికీ పెట్టించాడు, బల్ల వేయించాడు, బల్ల వెనక నన్ను వేయించాడు. అంతకుముందు ఆ బల్ల లేకుండానే ఆ పనంతా దస్తగిరి మేస్త్రీ చేసేవాడు. ఎవర్ని చేర్చుకోవాలి, ఎవర్ని పంపించెయ్యాలి, ఎవరి మొగుడు తాగి వస్తే గేటు బయట నిలబెట్టాలి, అంతా ఆయనే. సన్నగా, పొడుగ్గా, తలకు తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. మొదటిరోజే నన్ను పైనుంచి కిందికి చూసి, "పంతులమ్మా, మీరు కంపెనీ మనిషా, మా మనిషా?" అన్నాడు.

"నేను ఎవరి మనిషినీ కాను."

"అట్లయితే శానా కష్టమమ్మా. ఎవురి మనిషీ కానోళ్ళకు ఈడ కూడు ఎవురు పెడతారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఈనాటికీ నాకు తెలియదు. జీతం ఒక చేతినుంచి తీసుకుంటూ న్యాయం ఇంకో చేతికి ఇవ్వాలి. ఈ పని మొత్తం ఇదే. ఇందులో ఇబ్బంది లేదని చెప్పేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు పనిచెయ్యడం లేదని అర్థం. నేను ఎన్నడూ ఎక్కడా పాఠం చెప్పింది లేదు, అయినా ఆడవాళ్ళందరికీ నేను పంతులమ్మనే. చదువుకున్న ఆడదానికి వాళ్ళకు తెలిసిన పేరు అదొక్కటే.

మూడు పిలుపులు

పొద్దున్నే గేటు బయట ఆడవాళ్ళంతా గుంపుగా నిలబడేవాళ్ళు. దస్తగిరి మేస్త్రీ ఒక దూది దిమ్మె మీదికెక్కి హాజరు పిలిచేవాడు. కాగితం చూడడు. పేర్లన్నీ నోటికే. పేరు పిలిస్తే "ఉండా" అనాలి. అన్నవాళ్ళు లోపలికి. పలక్కపోతే ఇంకోసారి, ఆపైన ఇంకోసారి పిలుస్తాడు. మూడో పిలుపుకూ జవాబు రాకపోతే "పేరు పోయింది" అంటాడు. అంతే. ఆ పేరు మళ్ళీ ఆ మిల్లులో పిలవరు.

ఈ పద్ధతి మీద నేను చేరిన వారానికే కయ్యానికి దిగాను. "బిడ్డకు పాలిచ్చి గస పోసుకుంటూ వచ్చే మనిషికి పేరు పోతుందా? ఏం పద్ధతి మేస్త్రీ ఇది?"

"నేను పెట్టినానా అమ్మా? నా పేరు గూడా పిల్చేటోడు పైన ఒగడు ఉండాడు. వాడు మూడుసార్లు గూడా పిలవడు."

మేనేజరు దగ్గరా మొత్తుకున్నాను. ఓడిపోయాను. ఆ ఓడిపోవడమే తర్వాత పనికొచ్చింది. ఈ ఉద్యోగంలో గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువసార్లు అక్కరకొస్తాయి.

పొద్దున్నే నిలబడి వింటూ ఉంటే ఒకటి గమనించాను. "నరసమ్మా!" అని పిలిచినప్పుడు మాత్రం గుంపులో ఏదో జరిగేది. కబుర్లు ఆగిపోయేవి. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసేవాళ్ళు. రెప్పపాటు ఎడం తర్వాత వెనకనుంచి "ఉండా" అని సన్నటి గొంతు వచ్చేది. ఒక చిన్న వయసు మనిషి తల వంచుకుని లోపలికి పోయేది. ఆమె దారిలో ఎవరూ అడ్డం ఉండేవాళ్ళు కాదు. తాకకుండా పక్కకు జరిగేవాళ్ళు.

కులం గొడవేమో అనుకున్నాను. చదువుకున్నవాళ్ళం కదా, మనకు తెలిసినవే మనం చూస్తాం.

"అవ్వా, నా పేరేంది?"

ఒకరోజు మధ్యాహ్నం కూటి గంట కొట్టాక ఆ మనిషే నా గదికి వచ్చింది. కడుపుతో ఉంది. తోడుగా ఓబుళమ్మ అనే ముసలామె వచ్చి గుమ్మంలోనే కూలబడింది. మిల్లు పుట్టినప్పటినుంచీ అక్కడ పనిచేస్తున్న మనిషి ఆమె.

"పంతులమ్మా, ఒగ మాట అడగాల."

"అడుగు నరసమ్మా."

చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగింది. "అదే అడగల్లని వచ్చినా. నన్ను అట్ల పిలవాకండి."

"మరేమని పిలవాలి?"

నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్ళు గదంతా వెతికాయి, బల్ల మీద పెట్టిన వస్తువేదో కనపడనట్టు. చివరికి గుమ్మం వైపు తిరిగి, "అవ్వా, నా పేరేంది?" అంది.

ఆమె వేళాకోళం ఆడడం లేదు. 

"సుంకమ్మ, పాపా," అంది ఓబుళమ్మ, పసిపిల్లకు చెప్పినట్టు. "కోడుమూరులో పుట్టినావు. సుంకులమ్మ దేవర పేరు పెట్టినారు నీకు. మర్సిపోవాకు."

తర్వాత ఓబుళమ్మ చెప్పింది. నేను రాకముందు నరసమ్మ అనే మనిషి నిజంగానే ఉండేది. గింజ తీసే యంత్రాల కింద, అంటే జిన్నుల కింద, నేలలో పొడుగాటి సందు ఒకటి ఉంటుంది. అక్కడ ఇంజను తిప్పే పొడుగాటి ఇనుప ఇరుసు, షాఫ్టు, తిరుగుతుంటుంది. దాని మీదినుంచే బెల్టులు పైకొచ్చి జిన్నుల్ని తిప్పుతాయి. రాలిన గింజల్ని ఊడ్చడానికి ఆ సందులోకి దిగాలి. ఇంజను ఆపి దిగమనాలి. ఎవరూ ఆపరు. నరసమ్మ కొంగు షాఫ్టుకు చుట్టుకుంది.

"మర్నాడు మేస్త్రీ హాజరు పిలిచినాడమ్మా. ఎప్పటి మాదిరిగానే నోరు తిరిగి నరసమ్మా అనేసినాడు. అనినంక నాలిక కరుచుకున్యాడు. అందరం బొమ్మల మాదిరి నిలబడిపోయినాము. గుంపు ఎనకమాల ఆయమ్మ ఆడబిడ్డ మద్దమ్మ ఉండె. వదినె జాగా తనకిస్తారేమో అడుగుదామని వచ్చినాది. పేరు పోతే జాగా పోతాదని బయపడి, ఉండా అనేసె."

అంతే. ఆ రోజునుంచి మద్దమ్మ ఆ మిల్లులో నరసమ్మ. చూడబోతే చిన్న విషయం.

"మద్దమ్మ ఇప్పుడేదీ?"

ఓబుళమ్మ సుంకమ్మ వైపు చూసి గొంతు తగ్గించింది. మద్దమ్మ పోనుపోను సొంత పేరుకు పలకడం మానేసిందట. ఎండాకాలం, మిల్లు మూసి ఉంది. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నది లేచి, "పిలుస్తాండారు, పోయొస్తా" అని ఎంగిలిచేత్తోనే వెళ్ళిపోయిందట. తాళం వేసిన గేటుకు వీపు ఆనించి కూర్చుని ఉండగా చూశారు. ప్రాణం లేదు.

"వడదెబ్బ," అన్నాను నేను.

"ఔనమ్మా, వడదెబ్బే. ఒడినిండా దూది ఉండె."

"తుమ్మచెట్ల మీది దూది ఏరుకుని ఉంటుంది."

"చెట్ల మీది దూదిలో ముండ్లుంటాయి గదా పంతులమ్మా. ఇది అప్పుడే జిన్నులోంచి వచ్చినట్ల ఉండె. ఎచ్చగా."

ఆ తర్వాతి సీజనుకు, ఖాళీగా ఉన్న ఆ పేరుకు సుంకమ్మ వచ్చింది. అది కరువు ఏడాది. పని దొరకడమే గొప్ప. పేరుదేముంది అనుకుంది.

"ఏమవుతోంది నీకు?" అని అడిగాను.

"మా ఇంట్లో ఆయప్ప తెల్లారి సుంకమ్మా, సుంకమ్మా అని లేపుతాండాడంట. నేను లేయల్యా. కడాకు ఆయప్పకు బయమేసి, నరసమ్మా పొద్దాయ, అన్యాడంట. దిగ్గున లేసి కూసున్యా. ఆయప్ప ఏడ్సినాడమ్మా." ఆమె ఏడవలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుంది. "ఇంగ కొన్ని దినాల్లో మిల్లు మూస్తారు. మూసినంక పిలుస్తాది. పిలిస్తే నేను పోతా. పోకుండా ఉండేదానికి నాకు చేతకాదు. ఇది గూడా నాతోనే వస్తాది. మిల్లు మూసేలోపల ఆ పేరు నా మీదనుంచి తీసేయండమ్మా. అంతే నేనడిగేది."

నేనేం చేశాను? డాక్టర్ని పిలిపించాను. రక్తం తక్కువగా ఉంది అని ఆయన ఇనుము కలిసిన మందు ఇచ్చాడు. నేను నా వంతుగా, దయ్యాలూ భూతాలూ లేవని ఉపన్యాసం ఇచ్చాను. సుంకమ్మ ఓపిగ్గా విని, "దయ్యమని నేను యాడ చెప్పినానమ్మా? పేరు అంటాండా," అంది.

అమ్మాయీ, ఇది గుర్తుపెట్టుకో. నీ దగ్గరికి వచ్చినవాళ్ళు ఒకటి చెబుతారు, నువ్వు ఇంకోదానికి జవాబిస్తావు. ఆర్డరులో రాసిన ఫిర్యాదులు వినడం అన్నది అన్నిటికన్నా కష్టమైన పని.

చావు లేని మిల్లు

మేస్త్రీని పట్టుకున్నాను. మనిషికో పేరు అతికించడానికి నువ్వెవరు అని గట్టిగానే అడిగాను. ఆయన తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"అమ్మా, ఆ జాగా ఖాళీ అని చెప్పినామనుకో, పైనోళ్ళు ఆ జాగానే తీసేస్తారు. పేరు బతికుంటే జాగా బతికుంటాది. మద్దమ్మ బిడ్డలు ఆ యాడాది కూడు తిన్నారు. ఆ మాట గూడా మీ లెక్కలో ఏసుకోండి."

వేసుకున్నాను. ఇప్పటికీ వేసుకుంటాను. ఆయన చేసింది దయతోనే. దయతో చేసినవాటిని తవ్వి తియ్యడం, కుట్రతో చేసినవాటికన్నా కష్టం.

"నీకు భయం లేదా మేస్త్రీ?"

"నరసమ్మా అని పిలిచినప్పుడు జవాబు రెండు దిక్కుల నుంచి వస్తాదమ్మా. ఒగటి గుంపులోనుంచి. ఇంగొగటి నా ఈపు ఎనక నుంచి, మిల్లు లోపలి నుంచి. నేను ముందరి దిక్కే చూస్తా. ఎనిక్కి తిరిగి ఒగనాడూ చూడల్యా."

మేనేజరు వేరే రకం మనిషి. గోదావరి వైపు నుంచి వచ్చాడు. తెల్ల లాల్చీ, మెత్తటి మాట. ఇలాంటివాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. అరిచే పైవాడు అరిచి మరిచిపోతాడు. మెత్తటివాడు నవ్వుతూ నీ చేతనే నీ మాటను మింగిస్తాడు.

"అమ్మా, మీరు చదువుకున్నవారు. ఈ మూఢనమ్మకాలన్నీ నా బల్ల మీదికి తెస్తారేమిటండీ?"

"నమ్మకం సంగతి వదిలెయ్యండి. నరసమ్మ చనిపోయింది. చనిపోయిందని చెప్పండి. సుంకమ్మను సుంకమ్మగా చేర్చుకోండి."

"చనిపోయిందని ఎవరన్నారు? రోజూ పనికి వస్తోంది కదా." నవ్వాడు. "మన మిల్లు పెట్టినప్పటినుంచీ ఒక్క చావు లేదమ్మా. ఇన్‌స్పెక్టరుగారు కూడా మెచ్చుకున్నారు."

"ఎందుకుంటుందండీ? బతికున్నవాళ్ళను పోనివ్వరు, పోయినవాళ్ళనూ పోనివ్వరు."

నవ్వు ఆగింది. "కొత్త పేర్లు చేర్చవద్దని యజమాని శెట్టిగారి ఆజ్ఞ. ఆ పేరు అక్కర్లేదంటే మానెయ్యమనండి. ఆ జాగా అక్కడితో సరి."

అప్పుడు నాకు నా గది, నా కిటికీ, నా బల్ల ఎందుకో స్పష్టంగా అర్థమయ్యింది. ఆ చావు మీద వేసిన తెల్లగుడ్డలో నేనొక పోగును. నువ్వు చేరబోయే చోట నీ బల్ల దేని మీద వేశారో కాస్త వంగి చూసుకో.

సుంకమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను. పేరు వదిలితే పని పోవచ్చు అని. "పని లేకుంటే పస్తుంటామమ్మా. పస్తుండేదానికి గూడా నేనుండాల గదా," అంది.

ఆ మాటతో దారి దొరికింది. పేరు తియ్యడానికి మేనేజరు అక్కర్లేదు. మిల్లు పద్ధతే ఉంది. మూడుసార్లు పిలిచి, జవాబు రాకపోతే పేరు పోతుంది. నేను ఒక సీజనంతా తిట్టిపోసిన పద్ధతి.

మేస్త్రీతో చెప్పాను. "ఆఖరి రోజు హాజరులో ఆ పేరు మూడుసార్లు పిలువు. సుంకమ్మ పలకదు. నువ్వు 'పేరు పోయింది' అను. చాలు."

"పిలుస్తానమ్మా." తుమ్మచెట్ల వైపు చూశాడు. "జవాబు వస్తే?"

"రాదు."

"మీకు వినపడకపోతే రాలేదనేనా?"

ఆఖరి హాజరు

ఆ రోజు పొద్దు అప్పుడే పైకొచ్చింది. ఇంకా ఇంజను వెయ్యలేదు. గేటుకు తాళం తియ్యలేదు. లోపల ఒక్క పురుగు లేదు, కావలివాడు కూడా నా పక్కనే నిలబడి ఉన్నాడు. మేనేజరు తన ఇంటి వరండాలో కాఫీ తాగుతూ మమ్మల్ని చూస్తున్నాడు. ఆయనకు ఎవరు చెప్పారో గానీ అంతా తెలిసే వచ్చాడు.

మేస్త్రీ దిమ్మె ఎక్కాడు. ఒక్కొక్క పేరూ పిలిచాడు, ఒక్కొక్కరూ "ఉండా" అన్నారు. కానీ ఎవరూ గేటు వైపు కదలలేదు. అక్కడే నిలబడ్డారు. ఓబుళమ్మ సుంకమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కుతోంది. సుంకమ్మ కొంగు ఉండ చుట్టి నోట్లో కుక్కుకుంది.

"నరసమ్మా!"

ఎవరూ పలకలేదు. సుంకమ్మ గొంతులో ఏదో కదిలింది, బయటికి రాలేదు.

"నరసమ్మా!"

సుంకమ్మ పాదం ఒకటి ముందుకు పడింది. తనకు తెలియకుండానే పడింది. ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఓబుళమ్మ రెండు చేతులా నడుము పట్టుకుని, "నువ్వు గాదు పాపా, నిన్ను గాదు," అంటోంది.

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన గొంతు చీలిపోయింది.

"నరసమ్మా!"

"ఉండా."

మిల్లు లోపలినుంచి వచ్చింది. పెద్దగా కాదు. పనిలో మునిగిన మనిషి తల ఎత్తకుండా పలికినట్టు. కొంచెం అలసటగా.

నేను వాదించే మనిషిని. ఆ గొంతు మీద నాతో నేను వాదించినంత ఎవరితోనూ వాదించలేదు. ప్రతిధ్వని అనుకున్నాను. ఆ హాలు నిండా పత్తి. పత్తి గదిలో అరిచి చూడు, నీ గొంతు నీకే వినపడదు. గుంపులో ఎవరో అని ఉంటారనుకున్నాను. గుంపంతా నా కళ్ళ ముందు కొంగులు నోట్లో పెట్టుకుని ఉంది. అది ఏమిటో నేను చెప్పను. విన్నాను, అంతే.

దిమ్మె మీద మేస్త్రీ మొదటిసారి వెనక్కి తిరిగాడు. జవాబు వచ్చింది కదా మరి. పద్ధతి ప్రకారం పేరు పోలేదు. పేరు ఉంది. సుంకమ్మ గేటువైపు నడవడం మొదలుపెట్టింది. తనను పట్టుకున్న ఓబుళమ్మను మట్టిలో ఈడ్చుకుపోతోంది.

అప్పుడు నేను గేటు దగ్గరికి వెళ్ళాను. ఊచలు పట్టుకుని లోపలికి చూశాను. ఏమీ కనపడలేదు. నాకు తెలిసిన శ్లోకం ఏదీ నోటికి రాలేదు. నాకు తెలిసినది నా ఉద్యోగం ఒక్కటే.

"నరసమ్మా, నేను ఈ మిల్లు తరఫున మాట్లాడుతున్నాను. నీ పని అయిపోయింది. ఎప్పుడో అయిపోయింది, నీకు చెప్పినవాళ్ళు లేరు. నువ్వు చనిపోయావు తల్లీ. ఇక్కడే, మా మిల్లులోనే చనిపోయావు. ఇంజను ఆపేశాం. కొంగు సర్దుకో. ఇంటికి పో."

ఎంతసేపో తెలియదు. తర్వాత తుమ్మచెట్ల మీది దూది ఆగిపోయింది. రోజూ ఆడుతున్నది ఆగితే ఎలా ఉంటుందో చెప్పలేను. గోడ గడియారం ఆగినప్పుడు ఇంట్లో వాళ్ళంతా ఒకేసారి తలెత్తుతారు చూడు, అలా అందరం తలెత్తాం.

"పేరు పోయింది," అన్నాడు దస్తగిరి మేస్త్రీ. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆపైన నేను చెప్పనిది ఆయన చేశాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఆ మిల్లులో ఎన్నడూ పిలవని పేరు, దిమ్మె మీదినుంచి పిలిచాడు.

"సుంకమ్మా!"

గేటుకు అడుగు దూరంలో ఆమె ఆగింది. నోట్లోంచి కొంగు తీసింది.

"ఉండా," అంది. అని, మట్టిలో కూర్చుని భోరున ఏడ్చింది.

కావలివాడు తాళం తియ్యగానే ఆడవాళ్ళు ఆమెను ముందు పెట్టుకుని లోపలికి నడిచారు. ఇప్పుడు తాకడానికి ఎవరూ జంకలేదు. నేను వరండా వైపు చూశాను. మేనేజరు కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. కాఫీ లాల్చీ మీద కారుతోంది. ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కొత్త పేరు వద్దన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మిల్లు మూసిన నెలల్లో సుంకమ్మ ఇల్లు కదలలేదు. పిల్ల పుట్టింది. మళ్ళీ పత్తి వచ్చేసరికి ఆ పిల్లను చంకన వేసుకుని, తన పేరుకు తను పలికింది.

నీకు చెప్పవలసినది

ఆ రెండో సీజను కూడా అయ్యాక నన్ను వద్దన్నారు. మెత్తగానే చెప్పారు. నేను కడపకు పోయాను. పోయేముందు ఒక సంగతి జరిగింది. ఆ పొద్దునుంచీ ఆడవాళ్ళు నన్ను పంతులమ్మ అనడం మానేశారు. కామాక్షమ్మా అని పేరుపెట్టి పిలవసాగారు. నేను లోలోపల మురిసిపోయాను. ఏం ప్రమాదముంటుంది అందులో అనుకున్నాను.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. నువ్వు ఉద్యోగంలో చేరకముందే చూసి వద్దామని ఆ మిల్లుకు వెళ్ళావు. అక్కడి ఆడవాళ్ళు గేటు దగ్గర నీ చుట్టూ మూగి, "కామాక్షమ్మా, వచ్చినావా" అన్నారని నువ్వే నాకు నవ్వుతూ చెప్పావు. ఆ గదిలో నాకూ నీకూ మధ్య ఎవరెవరో కూర్చున్నారట, అందర్నీ అలాగే పిలుస్తారట. నా పేరు కామాక్షి అని నీకు తెలియదు. నీకు నేను అత్తయ్యను.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"ఏమంటాను అత్తయ్యా? పాపం ప్రేమగా పిలుస్తుంటే. ఊ అన్నాను."

ఏ రోజు వెళ్ళావో అడిగాను. నువ్వు చెప్పావు. ఆ రోజు పొద్దున మా పాలమనిషి గుమ్మంలో నిలబడి నన్ను పేరుపెట్టి పిలుస్తూనే ఉందట. నేను అక్కడే, పీట మీద కూర్చుని కూర తరుగుతున్నాను. నాకు వినపడలేదు. చివరికి మా వదిన వచ్చి భుజం పట్టి కుదిపింది.

నేను భయస్తురాలిని కాను. చెవుడు మొదలయిందనుకున్నాను. డాక్టరు చెవులు బాగానే ఉన్నాయన్నాడు.

అందుకని, అమ్మాయీ, తాగేనీళ్ళూ ఉయ్యాలలూ తర్వాత చూద్దువుగాని. మొదటిరోజు గేటు దగ్గర నిలబడు. మేస్త్రీ ఎవరున్నా సరే, దిమ్మె ఎక్కి నా పేరు పిలవమను. మూడుసార్లు. నువ్వు నోరు మూసుకో. ఎంత ప్రేమగా పిలిచినా పలక్కు. తర్వాత నీ పేరు నువ్వే గట్టిగా చెప్పు.

లోపలినుంచి ఎవరైనా "ఉండా" అంటే మాత్రం భయపడి పారిపోకు. ఊచల దగ్గరికి వెళ్ళి నిదానంగా చెప్పు. నేను ఇక్కడ ఇంట్లోనే ఉన్నానని, నా పని అయిపోయిందని, నా దగ్గరికి వచ్చెయ్యమని చెప్పు.